ఆగని ఫిట్స్‌కి ఒళ్లు చల్లబరిచే చికిత్స: డాక్టర్‌ని ఏం అడగాలి, దేనికి తొందరపడకూడదు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, చదివే మిగతావాళ్లకు కూడా విషయం తెలుస్తుంది. మీ చెల్లెలి కూతురికి ఏడేళ్లు. రెండు రోజులు జ్వరం వచ్చి, మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ మొదలయ్యాయి. దగ్గర్లోని ఆస్పత్రిలో రెండు రకాల ఇంజెక్షన్లు ఇచ్చినా ఆగలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లల ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉంది. మిడజోలం అనే మత్తుమందు డ్రిప్ నడుస్తోంది, డోసు తగ్గించినప్పుడల్లా ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్ష) మళ్లీ ఫిట్స్ కనిపిస్తున్నాయంటున్నారు. అమెరికాలో ఉన్న మీ బావగారు ఫోన్ చేసి, "ఇక్కడ ఒళ్లు చల్లబరిచి ఫిట్స్ ఆపుతారు, మీవాళ్లు ఎందుకు చేయట్లేదు?" అన్నారు. కూలింగ్ కోసం గట్టిగా అడగాలా, అది లేకపోతే పాపను వేరే ఆస్పత్రికి మార్చాలా అన్నది మీ టెన్షన్.

నేను చాలా ఏళ్లుగా పిల్లల ఐసీయూలో పనిచేస్తున్న డాక్టర్ని. పాపను చూడకుండా ఆమె వైద్యం మీద తీర్పు చెప్పను, అది ఎవరూ చేయకూడదు. కానీ ఈ పద్ధతి గురించి సూటిగా చెప్పగలను. కూలింగ్ గురించి అడగండి, తప్పేం లేదు. అయితే అది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న కాదు. కేవలం కూలింగ్ కోసమే వెంటిలేటర్ మీదున్న పాపను ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మార్చడం మాత్రం నేనైతే ఒప్పుకోను. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

చల్లబరచడం అని జనం అంటున్నప్పుడు మూడు వేర్వేరు పనులు కలిసిపోతుంటాయి. ఒకటి, జ్వరం వస్తే తగ్గించడం. రెండు, జ్వరం అసలు రానివ్వకుండా ఉష్ణోగ్రతను 36 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య గట్టిగా నిలిపి ఉంచడం. మన థర్మామీటర్ లెక్కలో ఇది సుమారు 97 నుంచి 99.5. మూడు, కావాలని శరీరాన్ని మామూలు కన్నా కిందికి, 32 నుంచి 34 డిగ్రీల మధ్యకు దించడం. అంటే ఫారెన్‌హీట్‌లో 90 నుంచి 93 దాకా. మీ బావగారు చెప్పేది ఈ మూడోది. మీ పాపకు రెండోది ఇప్పటికే జరుగుతూ ఉండొచ్చు, ఎవరూ మీకు కూలింగ్ అని చెప్పి ఉండరంతే. నా లెక్కలో ఈ రెండోదానికే విలువ ఎక్కువ. జ్వరం ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ మెదడు ఖర్చుచేసే ఆక్సిజన్, గ్లూకోజ్ పెరుగుతాయి. అసలే ఫిట్స్‌తో అలసిపోయి ఉన్న మెదడుకు అది మోయలేని భారం. అందుకే ఉష్ణోగ్రత ఎంత ఉంచుతున్నారు, ఎక్కడ కొలుస్తున్నారు అని ముందు అడగండి.

ఇక ఫిట్స్ ఎందుకు ఆగట్లేదన్న విషయం. అయిదు నిమిషాలు దాటిన ఫిట్స్ దానంతటదే ఆగే అవకాశం తక్కువ, అందుకే అయిదో నిమిషం నుంచే ఎమర్జెన్సీగా చూస్తాం. అరగంట దాటితే మెదడు కణాలకు శాశ్వత నష్టం జరిగే ప్రమాదం మొదలవుతుంది. సమయం గడిచేకొద్దీ మందులకు లొంగడం కూడా తగ్గుతుంది. లోరజెపాం, మిడజోలం లాంటి మందులు పనిచేసే గ్రాహకాలు (మందు అతుక్కునే చోట్లు) మెదడు కణం పైభాగం నుంచి లోపలికి వెళ్లిపోతాయి. మెదడును ఉద్రేకపరిచే గ్రాహకాలేమో పైకి వస్తాయి. మొదటి పది నిమిషాల్లో చిన్న డోసుకే ఆగాల్సినవి రెండు గంటల తర్వాత పెద్ద డోసుకు కూడా ఆగకపోవడానికి కారణం ఇదే. ఇలా ఆగకుండా సాగే ఫిట్స్‌ను స్టేటస్ అంటాం, అది రెండు రకాల మందులకు లొంగకపోతే రిఫ్రాక్టరీ స్టేటస్ అంటాం. మత్తు డ్రిప్ పెట్టాక కూడా 24 గంటలు దాటి నడిచినా, డ్రిప్ తగ్గించగానే తిరగబెట్టినా సూపర్ రిఫ్రాక్టరీ అంటాం. మీరు రాసినదాన్ని బట్టి పాప ఈ రెండో దశలో ఉన్నట్టుంది.

ఇక్కడ చిన్న మాట. మొదటి ఆస్పత్రిలో తప్పు మందు ఇచ్చారేమోనని మీరు రాశారు. 2019లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో లెవెటిరాసెటాం, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్ అనే మూడు ఫిట్స్ మందులనూ పోల్చి చూశారు, అందులో పిల్లలు కూడా ఉన్నారు. మూడూ దాదాపు సమానంగా, సుమారు సగం మందిలో మాత్రమే ఫిట్స్ ఆపాయి. కాబట్టి ఆ మందు కాకుండా ఈ మందు ఇచ్చి ఉంటే అనే బాధ పెట్టుకోకండి.

సరే, చల్లబరిస్తే ఏమవుతుంది? ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే మెదడు జీవక్రియ సుమారు ఆరేడు శాతం తగ్గుతుంది. నాలుగు డిగ్రీలు దించితే దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు. మెదడును ఉద్రేకపరిచే గ్లుటమేట్ విడుదల తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, కణాలు చచ్చిపోయే ప్రక్రియ నెమ్మదిస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇదంతా బాగానే కనిపించింది. అయితే ఇది పొయ్యిలో మంట తగ్గించడమే తప్ప కట్టె బయటికి తీయడం కాదు. ఫిట్స్ పుట్టిస్తున్న కారణం ఏదైతే ఉందో అది అలాగే ఉంటుంది. ఈ చికిత్స గురించి నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఇదొక్కటే, మిగతాదంతా దీనికి వివరణ.

పిల్లల్లో దీనికి ఉన్న ఆధారం ఎంత అంటే, నిజాయతీగా చెప్పాలంటే చాలా తక్కువ. 1984లోనే అమెరికా డాక్టర్లు ముగ్గురు పిల్లలకు బార్బిచురేట్ మత్తుతో పాటు శరీరాన్ని చల్లబరిచి ఫిట్స్ అదుపు చేశామని రాశారు. 2013లో అక్కడే మరో బృందం అయిదుగురు పిల్లల అనుభవం రాసింది, చల్లబరిచాక ఫిట్స్ భారం తగ్గింది. ఇలాంటి చిన్న చిన్న నివేదికలే మనకున్నవి. మంచి ఫలితం వచ్చినవాళ్ల కథలే ఎక్కువగా అచ్చుకి వెళ్తాయన్నది కూడా మర్చిపోకూడదు. కూలింగ్ చేసిన పిల్లలకు అదే సమయంలో రెండు మూడు కొత్త మందులు కూడా ఇచ్చి ఉంటారు. ఏది పనిచేసిందో తేల్చడం కష్టం.

పెద్దవాళ్లలో మాత్రం ఒక గట్టి పరీక్ష జరిగింది. ఫ్రాన్స్‌లో 11 ఐసీయూల్లో ఫిట్స్ ఆగక వెంటిలేటర్ మీదికి వెళ్లిన 270 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపును 24 గంటల పాటు 32 నుంచి 34 డిగ్రీల దగ్గర ఉంచారు, రెండో గుంపుకు మామూలు వైద్యం. 2016 డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు కూలింగ్ గుంపులో 49 శాతం, మామూలు గుంపులో 43 శాతం. పైకి తేడాలా కనిపిస్తుంది గానీ లెక్కల ప్రకారం అది యాదృచ్ఛికంగా కూడా వచ్చే తేడానే. ఇందులో ఆసక్తికరమైన విషయం ఇంకొకటుంది. మొదటి రోజు ఈఈజీలో స్టేటస్ కొనసాగినవాళ్లు మామూలు గుంపులో 22 శాతం ఉంటే, కూలింగ్ గుంపులో 11 శాతమే. అంటే చల్లబరిస్తే ఈఈజీ మీద ఫిట్స్ తగ్గాయి, కానీ ఆ మేలు మనిషి కోలుకోవడంలో తేలలేదు. దుష్ప్రభావాలు కూలింగ్ గుంపులోనే కాస్త ఎక్కువ. ఇది పెద్దవాళ్ల మీద, అందరికీ మొదట్లోనే చేసిన పరీక్ష. ఏ మందుకూ లొంగని ఏడేళ్ల పాపకు ఇది నేరుగా జవాబివ్వదు. కానీ కూలింగ్ చేస్తే ఫిట్స్ ఆగిపోయి పాప లేచి కూర్చుంటుందన్న ఆశకు ఇది బ్రేక్ వేస్తుంది.

చల్లబరచడం వల్ల పోయేదేముంది, ప్రయత్నిస్తే తప్పా అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. పుట్టగానే ఊపిరాడక మెదడు దెబ్బతిన్న శిశువులను ఆరు గంటల్లోపు 33.5 డిగ్రీలకు దించి మూడు రోజులు ఉంచితే మేలు జరుగుతుందని ధనిక దేశాల్లో రుజువైంది. అక్కడ అదే ప్రామాణిక వైద్యం. అదే పద్ధతిని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో 408 మంది శిశువుల మీద పరీక్షించారు, 2021లో ఫలితాలు వచ్చాయి. చల్లబరిచిన శిశువుల్లో 42 శాతం చనిపోతే, చల్లబరచనివాళ్లలో 31 శాతం. మేలు లేకపోగా మరణాలు పెరిగాయి. మన దగ్గర శిశువుల మెదడు దెబ్బతినే తీరు వేరు కావొచ్చు, ఇన్‌ఫెక్షన్లు వేరు కావొచ్చు, కారణాల మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. తలకు దెబ్బ తగిలిన పిల్లల విషయంలోనూ ఇలాంటి చేదు అనుభవమే ఉంది. 2008లో అచ్చయిన అధ్యయనంలో 225 మంది పిల్లల్లో కూలింగ్ గుంపులో 21 శాతం, మామూలు గుంపులో 14 శాతం చనిపోయారు. ఈ తేడాను అంత ఖాయంగా చెప్పలేమని లెక్కలు అన్నా, మేలు మాత్రం కనిపించలేదు. చల్లదనం ఒక మందు లాంటిదే. దానికీ డోసు ఉంది, దుష్ప్రభావాలున్నాయి, సరిపడనివాళ్లున్నారు.

జపాన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పాప కథకు అది దగ్గరగా ఉంటుంది. అక్కడ జ్వరంతో మొదలైన దీర్ఘమైన ఫిట్స్ తర్వాత కొద్ది రోజులకు మళ్లీ ఫిట్స్ వచ్చి మెదడు దెబ్బతినే ఒక రకం జబ్బును బాగా గుర్తించారు. దాన్ని ఆపాలని కొన్ని కేంద్రాల్లో మొదటి గంటల్లోనే ఉష్ణోగ్రతను కట్టడి చేస్తారు. కొందరు 34 దాకా దించుతారు, కొందరు 36 దగ్గరే ఉంచుతారు. వాళ్ల ఫలితాలు ఆశాజనకంగా ఉన్నా అవి వెనక్కి తిరిగి కేసు షీట్లు చూసి రాసినవి, లాటరీ పరీక్షలు కావు. పైగా వాళ్లు చేసేది మొదటి కొన్ని గంటల్లో. మీ పాపకు ఆ సమయం దాటిపోయింది.

కూలింగ్ అంటే ఏసీ పెంచడం, తడిగుడ్డ వేయడం కాదు. పాప కింద ఒక పరుపు వేస్తాం, దానిలోని గొట్టాల్లో నీళ్లు తిరుగుతుంటాయి. అన్నవాహికలోనో, మలద్వారంలోనో పెట్టిన సన్నటి తీగ శరీరం లోపలి ఉష్ణోగ్రతను యంత్రానికి చెబుతుంది. దాన్ని బట్టి యంత్రమే నీళ్లను చల్లబరుస్తుంది, వెచ్చబరుస్తుంది. చంకలో థర్మామీటర్ పెట్టి చేసే పని కాదిది, చర్మం ఒక అంకె చూపిస్తే లోపల ఇంకో అంకె ఉంటుంది. యంత్రం లేని చోట చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్‌లు పెట్టి, చల్లటి సెలైన్ ఎక్కించి దించుతారు. దించడం అలా కూడా కుదురుతుంది, కానీ ఒకే అంకె దగ్గర నిలపడం చాలా కష్టం. 33 అనుకుంటే 30కి జారిపోతుంది. 30 దగ్గర గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది.

మొదట వచ్చే గొడవ వణుకు. ఎంత మత్తులో ఉన్నా శరీరం చలికి ఎదురు తిరుగుతుంది. వణుకు అంటే పాప ఒళ్లంతా ఊగిపోవడం అనుకోకండి. చెయ్యి మెల్లగా దవడ మీద ఆనిస్తే వేళ్లకు సన్నటి అదురు తెలుస్తుంది. మానిటర్ మీద ఈసీజీ గీత నున్నగా లేకుండా నూగునూగుగా మారుతుంది. ఐసీయూలో అనుభవమున్న నర్సు దాన్ని డాక్టర్ కన్నా ముందు పట్టేస్తుంది. వణుకు ఆగకపోతే జీవక్రియ తగ్గడం పోయి పెరుగుతుంది, అంటే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. దానికి మేం చేసే మొదటి పని చూస్తే ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. కింద చల్లటి పరుపు, కాళ్లకు చేతులకు వెచ్చటి సాక్సులు! అరచేతులు, అరికాళ్లు, ముఖం వెచ్చగా ఉంటే మెదడుకు చలి కబురు తక్కువగా వెళ్తుంది, వణుకు తగ్గుతుంది. ఒక అమ్మమ్మ బయటి నుంచి వచ్చి మనవరాలి పాదాలు ముట్టుకుని "ఐస్‌లా ఉన్నాయి, రగ్గు కప్పండి" అని ఏడుస్తుంటే, సాక్సులు ఆవిడ చేతికే ఇచ్చి తొడిగించిన నర్సు నాకు గుర్తుంది. ఆవిడకు కాస్త ఊరట, పాపకు వైద్యం, రెండూ అయ్యాయి.

సాక్సులతో, మెగ్నీషియంతో, మత్తుమందులతో తగ్గకపోతే కండరాలను పూర్తిగా సడలించే మందు ఇవ్వాలి. అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆ మందు ఇచ్చాక పాప కదలదు, ఫిట్స్ బయటికి కనిపించవు. మెదడులో మాత్రం నడుస్తూనే ఉండొచ్చు. అందుకే 24 గంటలూ ఆగకుండా ఈఈజీ నడిచే ఏర్పాటు, దాన్ని చదివే మనిషి లేని చోట కూలింగ్ చేయడం కళ్లకు గంతలు కట్టుకుని బండి తోలడమే. రోజుకు ఒకసారి అరగంట ఈఈజీ తీస్తే సరిపోదు.

ఈఈజీ గురించి మీకు ఒక హెచ్చరిక. మత్తు బాగా ఎక్కినప్పుడు మేం కావాలనే తెచ్చే గీత ఒకటుంటుంది. కొన్ని సెకన్లు దాదాపు చదునుగా సాగుతుంది, ఒక గుంపు గీతలు లేస్తాయి, మళ్లీ చదును. ఆ చదును గీత చూసి తల్లిదండ్రులకు గుండె ఆగినంత పనవుతుంది. అది గుండె గీత కాదు, మందుల వల్ల వచ్చింది, మందులు తగ్గిస్తే పోయేదే. చూసి భయపడొద్దు, ఏమిటని అక్కడున్న డాక్టర్‌ని అడగండి.

చల్లగా ఉన్నంతసేపూ రక్తంలో పొటాషియం కణాల్లోకి వెళ్లి తగ్గిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది, షుగర్ పెరుగుతుంది, పేగులు మందగించి పాలు అరగవు. రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది. తెల్లకణాలు సరిగా పనిచేయవు కాబట్టి న్యుమోనియా వచ్చే అవకాశం పెరుగుతుంది. జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్ అని గుర్తుపట్టే మన మామూలు ఆనవాలు కూడా పోతుంది, ఎందుకంటే ఉష్ణోగ్రత యంత్రం చేతిలో ఉంది. కాలేయం నెమ్మదించి మిడజోలం, ఫెనిటోయిన్, థయోపెంటోన్ లాంటి మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. కూలింగ్ ఆపాక పాప రెండు మూడు రోజులైనా కళ్లు తెరవకపోతే మెదడు పోయిందని కుప్పకూలిపోకండి, మందులు ఇంకా దిగి ఉండకపోవచ్చు.

అన్నిటికన్నా కష్టమైన భాగం మళ్లీ వెచ్చబరచడం. గంటకు పావు డిగ్రీ చొప్పున 33 నుంచి 36.5కి రావడానికి 14 గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే పొటాషియం కణాల్లోంచి బయటికొచ్చి పెరుగుతుంది, రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, మెదడు వాపు తిరగబెట్టొచ్చు. మరీ ముఖ్యంగా, ఫిట్స్ మళ్లీ మొదలవ్వొచ్చు. చల్లగా ఉన్నప్పుడు నిద్రపోయిన ఈఈజీ 35 దాటాక మళ్లీ లేవడం కొత్తేమీ కాదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు జ్వరం రానివ్వకూడదు.

ఇంత చెప్పాక, నేను దీన్ని ఎప్పుడూ వాడొద్దంటానా? అనను. మత్తు డ్రిప్‌లు, కెటామిన్ (ఇంకో రకం మత్తుమందు), మిగతా మందులు అన్నీ ప్రయత్నించి, ఈఈజీ ఇంకా మండుతూ ఉంటే, కారణానికి వైద్యం మొదలై అది పనిచేయడానికి కొన్ని రోజులు కావాల్సి ఉంటే, ఆ నడుమ కాలాన్ని గట్టెక్కించడానికి కూలింగ్‌కు చోటుంది. విదేశీ మార్గదర్శకాల్లో కూడా దీన్ని ఆధారం తక్కువున్న ప్రత్యామ్నాయాల వరుసలోనే చేర్చారు. డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లకు, ఎక్కడైనా రక్తస్రావం ఉన్న పిల్లకు, ఇన్‌ఫెక్షన్‌తో బీపీ నిలవని పిల్లకు మాత్రం నేను దాని జోలికి వెళ్లను.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న కావాల్సింది: "ఫిట్స్‌కి కారణం ఏమిటని అనుకుంటున్నారు, దానికి ఏం వైద్యం నడుస్తోంది?" జ్వరంతో మొదలైంది కాబట్టి మెదడువాపును ముందు అనుమానించాలి. మన ప్రాంతంలో ఇది కొత్త కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాందీపురా వైరస్ అంటుకున్నప్పుడు 329 మంది పిల్లలు మెదడువాపు బారిన పడితే 183 మంది చనిపోయారు, అదీ చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే. ఆ వైరస్‌కు మందు లేదు. హెర్పిస్ అనే ఇంకో వైరస్‌కు ఉంది, అందుకే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా అసైక్లోవిర్ మొదలుపెడతాం. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, టీబీ మెనింజైటిస్, మలేరియా, డెంగీ చూడాలి. టేప్‌వార్మ్ గుడ్ల వల్ల మెదడులో వచ్చే గడ్డలు మాంసం ముట్టని ఇళ్లలోనూ వస్తాయి, స్కాన్‌లో తెలుస్తాయి. షుగర్, సోడియం, క్యాల్షియం మొదటి గంటలోనే చూసి ఉంటారు.

ఇవేవీ తేలకపోతే శరీరం తన మెదడు మీదే దాడి చేసే జబ్బులు గుర్తుకు రావాలి. మామూలుగా బడికి వెళ్తున్న పిల్లకు చిన్న జ్వరం వచ్చి, కొద్ది రోజులకు ఏ మందుకూ లొంగని ఫిట్స్ మొదలవడం అనే ఒక రకం ఉంది, దాన్ని ఫైర్స్ అంటాం. వెన్నునీరు, ఎమ్మారై, యాంటీబాడీ పరీక్షలు చేసి, పెద్ద డోసు స్టెరాయిడ్లు, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) మొదలుపెడతారు. ఇలాంటివాళ్లలో కీటోజెనిక్ డైట్‌కు మంచి పేరుంది. ముక్కు గొట్టం ద్వారా కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం అతి తక్కువ ఉన్న ఆహారం ఇస్తారు. ఖర్చు ఎక్కువ కాదు, యంత్రం అక్కర్లేదు. కావాల్సిందల్లా తెలిసిన డైటీషియన్, జాగ్రత్త. తియ్యటి సిరప్‌లో కలిపిన మందు ఒక్కటి చాలు ఆ డైట్ చెడిపోవడానికి. నా అభిప్రాయం అడిగితే, కూలింగ్ గురించి గొడవపడే ముందు మీరు ఈ డైట్ గురించి అడగండి. "కెటామిన్ వాడారా, స్టెరాయిడ్లు మొదలుపెట్టారా, డైట్ గురించి ఆలోచించారా, ఈఈజీ ఆగకుండా నడుస్తోందా?" అని మర్యాదగా, ఒక కాగితం మీద రాసుకుని, రౌండ్స్ అయ్యాక సీనియర్ డాక్టర్‌ని అడగండి. మీ బావగారిని ఫోన్‌లో కలపాలంటే ముందే చెప్పి కలపండి. ఐసీయూ గుమ్మంలో స్పీకర్ పెట్టి నిలదీస్తే ఎవరికీ మేలు జరగదు.

ఆస్పత్రి మార్చడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి. ఆగకుండా ఈఈజీ నడిచే వసతి లేకపోవడం, పిల్లల న్యూరాలజిస్ట్ రోజూ చూసే అవకాశం లేకపోవడం, ఎమ్మారై, యాంటీబాడీ పరీక్షలు కుదరకపోవడం. ఇవి లేకపోతే మార్చడం గురించి ఇప్పుడున్న డాక్టర్లతోనే మాట్లాడండి. మార్చాల్సి వస్తే వెంటిలేటర్, డ్రిప్‌లు నడుస్తూ, దారిలో చూసుకోగల డాక్టర్ వెంట ఉండే అంబులెన్స్‌లోనే వెళ్లాలి. అవతలి ఐసీయూలో బెడ్ ఖాయమయ్యాకే కదలాలి.

మీ చెల్లెలి రెండో బిడ్డకు కూడా ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయని, ఇంట్లో ఐస్ నీళ్లు పోయొచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. ఐస్ నీళ్లకు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, వణుకు పుట్టి, లోపలి వేడి ఇంకా పెరగొచ్చు. ఫిట్స్ అయితే దానివల్ల ఆగవు. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వండి, పిల్లవాడికి హాయిగా ఉంటుంది, కానీ అది ఫిట్స్‌ను ఆపుతుందన్న భరోసా పెట్టుకోకండి. ఫిట్స్ వస్తే ముందు టైం చూడండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, వేలు పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం లాంటి వాటితో నిమిషాలు పోగొట్టుకోవద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. మిడజోలం ముక్కు స్ప్రే ఒకటి ఇంట్లో ఉంచుకోవడం గురించి మీ పిల్లల డాక్టర్‌ని ఈ వారమే అడగండి. బరువును బట్టి ఎన్ని పఫ్‌లు, ఏ నిమిషంలో కొట్టాలి అన్నది ఆయన చేత రాయించి, ఆ కాగితాన్ని స్ప్రే డబ్బాకే అంటించండి. బిడ్డను చూసుకునే నానమ్మకు, స్కూల్ టీచర్‌కు కూడా ఎలా కొట్టాలో చూపించండి. ఎక్స్‌పైరీ తేదీ మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.